రాత్రి రెండింటికి పనికొచ్చేదేది?

(ఒక ఆదివారం సాయంత్రం శాఖా గ్రంథాలయంలో అత్యవసర వైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ఫ్యాను కొంచెం తగ్గిస్తారా... ఆ, చాలండి.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మేడమ్, ఎమర్జెన్సీలో కొత్తగా ఏమేం వచ్చాయో చెప్పండి, రోబోలూ ఏఐలూ అవీ" అన్నారు. నాకూ రోబోకీ ఇంతవరకూ పరిచయం లేదండీ. (నవ్వులు) నేను పనిచేసేది జిల్లా ఆసుపత్రిలో, క్యాజువాలిటీలో. బోర్డు మీద "అత్యవసర విభాగం" అని రాయించి చాలా కాలమైంది గానీ ఇప్పటికీ ఎవరొచ్చినా "క్యాజువాలిటీ ఎటండీ" అనే అడుగుతారు. నేనూ అలాగే అంటాను.

మన దేశంలో ఈ వైద్యాన్ని ఒక విడి స్పెషాలిటీగా మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో. 108 బండి హైదరాబాదులో మొదలైంది 2005 ఆగస్టు 15న. చూశారా, రోగిని మోసుకొచ్చే బండి ముందొచ్చింది, దించుకునే డాక్టరు నాలుగేళ్ళ తర్వాత వచ్చాడు. (నవ్వులు) మధ్యలో ఆ నాలుగేళ్ళూ ఎవరు చూశారంటారా? ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు. చర్మవ్యాధుల డాక్టరైనా సరే.

కొత్త యంత్రం అమ్మడానికి మా దగ్గరికి కంపెనీ కుర్రాళ్ళు వస్తుంటారు. మంచి చొక్కాలు, మంచి బొమ్మలు. వాళ్ళని నేను అడిగేది ఒకటే. బాబూ, రాత్రి రెండింటికి, పెద్ద డాక్టర్లెవరూ లేనప్పుడు, పీజీ కూడా చేయని ఒక కుర్ర డాక్టరూ ఒక సిస్టరూ ఉన్నచోట ఇది పనిచేస్తుందా? చాలాసార్లు జవాబు రాదు. ఇవాళ నేను చెప్పబోయేవన్నీ ఆ ప్రశ్నకి నిలబడ్డవీ, నిలబడక పడిపోయినవీ.

గుండెతో మొదలుపెడతాను. మా దగ్గరికి వచ్చే గుండెపోటు రోగుల్లో చాలామంది ముందు వెళ్ళేది సోడా బండి దగ్గరికి. "గ్యాస్ పట్టేసిందండీ" అంటారు. తర్వాత మందుల షాపు. ఆ తర్వాత పడుకుని చూస్తారు. మా గుమ్మం తొక్కేసరికి మూడు గంటలో నాలుగు గంటలో అయిపోయి ఉంటాయి. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడింది, దాని అవతల ఉన్న కండ నిమిష నిమిషానికీ చచ్చిపోతోంది. రెండు గంటల్లోపు స్టెంటు వేసే చోటికి చేర్చగలిగితే అంతకంటే మేలైంది లేదు. చేర్చలేమని తెలిసినప్పుడు ఆ గడ్డని అక్కడే, మా మంచం మీదే కరిగించాలి.

నేను చదువుకునే రోజుల్లో దానికి స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చేవాళ్ళం. గొంతు నొప్పి తెప్పించే బ్యాక్టీరియా ఉంటుంది చూడండి, ఆ జాతి నుంచి తీసే మందు. సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంట దాకా ఎక్కించాలి. ఎక్కుతుండగానే బీపీ పడిపోయేది. సీసా ఆపు, బీపీ చూడు, మళ్ళీ పెట్టు. ఒక మనిషి ఆ మంచానికి కట్టేసినట్టే. అదే టైముకి ఇంకో యాక్సిడెంటు కేసు వచ్చిందనుకోండి, ఇక చూసుకోండి మా తిప్పలు.

ఇప్పుడున్నది టెనెక్టిప్లేస్. మన ఒంట్లోనే గడ్డల్ని కరిగించే పదార్థం ఒకటి సహజంగా ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, మూడు చోట్ల చిన్న మార్పులు చేశారు. అందువల్ల అది రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. నిలుస్తుంది కాబట్టి గంటసేపు ఎక్కించక్కర్లేదు. రోగి బరువు చూసి, సిరంజిలోకి తీసి, ఐదు నుంచి పది సెకన్లలో నరంలోకి ఇచ్చేస్తాం. అంతే. ఈ మందు పాతమందు కంటే గడ్డని ఎంత బాగా కరిగిస్తుందన్నది ఒక లెక్క. నాకు అంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది. గంట పని పది సెకన్లయింది. పది సెకన్ల పనిని చిన్న ఆసుపత్రికి అప్పగించొచ్చు.

అప్పగించారు కూడా. ఈసీజీ తీసి ఫోటో పంపితే పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు చూసి "ఇచ్చెయ్" అంటాడు, ఇక్కడ ఇచ్చి, బండెక్కించి అక్కడికి పంపుతాం. ఇదీ పద్ధతి. మందు ఖరీదు వేలల్లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇచ్చే ఏర్పాటు జరిగింది. మందు పుట్టింది ఎప్పుడనుకున్నారు? అమెరికాలో అనుమతి వచ్చింది 2000లో. మన తాలూకా మంచం దాకా నడిచి రావడానికి ఇరవై ఏళ్ళు దాటింది. కొత్త వైద్యం అంటే నా దృష్టిలో ఈ నడకే.

ఒక మాట దాచకూడదు. ఈ మందు తీసుకున్న గుండె రోగుల్లో నూటికి దాదాపు ఒకరికి మెదడులో రక్తస్రావం అవుతుంది. ముందే చెప్పి సంతకం తీసుకుంటాం. సంతకం పెట్టడానికి "మా బావగారొచ్చాక" అంటారు. బావగారు హైదరాబాదులో ఉంటారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఆ బావగారి కోసం ఆగిన నలభై నిమిషాలు నాకింకా గుర్తున్నాయి.

పక్షవాతానికీ ఇదే మందు, మోతాదు తక్కువ. గుండె విషయంలో లాగా వెంటనే ఇచ్చేయడానికి లేదు. పక్షవాతం గడ్డ వల్లా రావచ్చు, నరం చిట్లీ రావచ్చు. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం. చిట్లినవాడికి ఈ మందు ఇస్తే చంపినట్టే. అందుకని ముందు తలకి సీటీ స్కానింగు, తర్వాతే సిరంజి. అదీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు. అమెరికాలో పక్షవాతానికి దీన్ని ఒప్పుకున్నది 2025 మార్చిలో. మనవాళ్ళు అంతకు ముందు నుంచే వాడుతున్నారు. జర్మనీలో అయితే స్కానింగు మిషన్నే బండిలో పెట్టి రోగి ఇంటి ముందుకు తీసుకెళ్ళడం 2008లోనే మొదలుపెట్టారు. మన దేశపు వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, అస్సాంలో అలాంటి బండి నడిపి చూసింది. తేయాకు తోటల మధ్య నుంచి స్కానింగు ఉన్న ఊరికి రావడానికే పూట గడిచిపోయే చోట అది అర్థవంతమైన పని. మనకి? మన మండలాల్లో స్కానింగు సెంటర్లకి కొదవ లేదు, రాత్రిపూట తాళం తీసేవాడు కావాలి.

ఏఐ గురించి అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. స్కానింగు బొమ్మ చూసి "ఇందులో రక్తం ఉన్నట్టుంది, ముందు దీన్ని చదవండి" అని చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మంచివే. దూరాన ఉన్న డాక్టరు ముందున్న వరసలో మన రోగి బొమ్మని పైకి తెస్తాయి. ఇంతకంటే దాని గురించి ఇవాళ నా దగ్గర కబుర్లు లేవు.

ఇప్పుడు నాకిష్టమైన కథ. ఇందాక గడ్డ కరిగించే మందు గురించి చెప్పానా? దానికి సరిగ్గా ఎదురు మందు ఒకటుంది. ట్రానెగ్జామిక్ యాసిడ్. మీలో ఆడవాళ్ళు చాలామంది నెలసరి ఎక్కువైనప్పుడు మాత్రలుగా మింగే ఉంటారు. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టి రంధ్రం మూసుకుంటుంది. ఆ గడ్డని కాసేపటికి ప్లాస్మిన్ అనే పదార్థం కరిగించడం మొదలుపెడుతుంది. టెనెక్టిప్లేస్ ఆ ప్లాస్మిన్‌ని ఉసిగొల్పుతుంది. ట్రానెగ్జామిక్ యాసిడ్ దాని కాళ్ళు కట్టేస్తుంది. మా ఎమర్జెన్సీ గదిలో రెండూ ఉంటాయి. ఒకటి ఇవ్వాల్సిన చోట ఇంకోటి ఇస్తే... వద్దులెండి, రాత్రి నిద్రపట్టదు నాకు.

దీన్ని కనిపెట్టింది జపాన్‌లో ఒక జంట, ఉటాకో ఒకామోటో, షోసుకే ఒకామోటో. 1962లో. యుద్ధం ముగిశాక వాళ్ళ దేశంలో పరిశోధనకి డబ్బు లేదు, సరుకు లేదు. రక్తం మీద పనిచేద్దామని ఎందుకు ఎంచుకున్నారంటే, ఎక్కడా దొరక్కపోతే మన రక్తమే తీసుకోవచ్చు కదా అని. పాపని వీపున కట్టుకుని ఆవిడ ప్రయోగశాలకి వెళ్ళేదట. ఆవిడ కోరిక ఒకటే, కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోయే తల్లుల్ని ఈ మందుతో కాపాడాలని. కాన్పుల డాక్టర్లని అడిగింది. వాళ్ళు ఒప్పుకోలేదు. మందు మాత్రం పళ్ళు పీకే చోట, ఆపరేషన్ల దగ్గర ఏదో మూల వాడుకుంటూ దాదాపు యాభై ఏళ్ళు అలా పడి ఉంది.

2010లో లండన్‌వాళ్ళు నడిపిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది గాయపడ్డవాళ్ళు. మన దేశపు ఆసుపత్రులు కూడా అందులో ఉన్నాయి. సగం మందికి మందు, సగం మందికి ఉత్త నీళ్ళలాంటి ఇంజక్షను. మందు లేనివాళ్ళలో నూటికి 16 మంది పోయారు. మందు ఇచ్చినవాళ్ళలో 14.5. ఒకటిన్నరేనా అనకండి. రోడ్ల మీద ఎంతమంది గాయపడి రక్తం పోగొట్టుకుంటున్నారో ఆ సంఖ్యకి ఈ ఒకటిన్నరని వేసి చూసుకోండి. తర్వాత లెక్కలు విప్పి చూస్తే ఇంకో సంగతి తేలింది. గాయమైన మూడు గంటల్లోపు ఇస్తేనే లాభం. మూడు దాటాక ఇస్తే లాభం లేకపోగా నష్టం.

అప్పటికి ఉటాకో గారికి తొంభై దాటాయి. ఆ ఫలితం చూసింది. ఆవిడ అసలు కోరిక, బాలింతల పరీక్ష, 20,060 మంది తల్లుల మీద చేసి 2017లో అచ్చు వేశారు. రక్తస్రావంతో పోయేవాళ్ళు తగ్గారు. అది చూడ్డానికి ఆవిడ లేదు, 2016లో 98 ఏళ్ళకి వెళ్ళిపోయింది. బిడ్డని చంకనేసుకుని డ్యూటీ చేసినదాన్ని కాబట్టేమో, కాన్పు కేసులో ఈ ఇంజక్షను సిరంజిలోకి తీసినప్పుడల్లా ఆవిడ గుర్తొస్తుంది నాకు.

(ప్రేక్షకుల్లో ఒకరు: దాని ఖరీదు ఎంత మేడమ్?) మీ పిల్లాడి పిజ్జా కంటే తక్కువండీ. ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. పది నిమిషాల్లో ఎక్కించొచ్చు. నా రాత్రి రెండింటి ప్రశ్నకి నూటికి నూరు వచ్చిన మందు అది.

ఇంకో రకం స్కానింగు గురించి. అల్ట్రాసౌండు. ఇదివరకు యాక్సిడెంటు కేసు వస్తే పొట్ట లోపల రక్తం పోతోందో లేదో చెయ్యి వేసి చూసి, నాడి చూసి ఊహించేవాళ్ళం. ఇప్పుడు మంచం పక్కనే, ఒక్క రెండు మూడు నిమిషాల్లో, కాలేయం దగ్గర, ప్లీహం దగ్గర, గుండె చుట్టూ, మూత్రాశయం వెనకా నాలుగు చోట్ల పెట్టి చూస్తాం. తెరమీద నల్లగా చార కనిపిస్తే రక్తం. ఊపిరితిత్తి ముడుచుకుపోయిందేమో కూడా దానితోనే తెలుస్తుంది. సెల్‌ఫోనుకి తగిలించుకునే మిషన్లు వచ్చాయి, దువ్వెన పెట్టెంత ఉంటాయి. జేబులో వేసుకుని తిరగొచ్చు.

తిరగొచ్చు గానీ మన దేశంలో తిరగకూడదు. గర్భంలో ఆడపిల్లో మగపిల్లాడో చూసి చంపేస్తున్నారని 1994లో చట్టం తెచ్చుకున్నాం. స్కానింగు మిషను ప్రతిదీ రిజిస్టరు కావాలి, ఎవరు వాడతారో రాసివ్వాలి, ఎక్కడికి పడితే అక్కడికి మోసుకెళ్ళకూడదు. జేబులో పట్టే మిషనంటే ఆ చట్టానికి భయం, భయపడటంలో న్యాయం కూడా ఉంది. మనం చేసిన పాపమే అది. కాబట్టి ఊపిరితిత్తి చూడాల్సిన మిషను, పిండాన్ని చూస్తుందేమోనన్న అనుమానంతో బీరువాలో ఉంటుంది. నేను చట్టాన్ని తీసేయమనను. క్యాజువాలిటీకి పనికొచ్చేలా ఒక దారి మాత్రం తెరవాలంటాను. ఈ మాట మా డాక్టర్ల సభల్లో కంటే మీ ముందు అనడమే మంచిదనిపించింది.

ఇక పడిపోయినవాటి గురించి. వీటిని ఎవరూ సభల్లో చెప్పరు.

గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కుతాం, సీపీఆర్. మనిషి అలిసిపోతాడు, యంత్రం అలవదు. అందుకని నొక్కే యంత్రాలు చేశారు. చూడ్డానికి ఎంత బాగుంటుందో! ఒకే లోతు, ఒకే వేగం. ఇంగ్లండులో అంబులెన్సుల మీద పెద్ద పరీక్ష చేసి 2015లో చెప్పారు, చేత్తో నొక్కినవాళ్ళకంటే యంత్రం నొక్కినవాళ్ళు ఎక్కువమందేమీ బతకలేదని. యంత్రం తగిలించడానికి ఆపే ఆ కాసేపు కూడా గుండెకి బరువే. కదిలే బండిలో మా కుర్రాళ్ళు పడిపోకుండా ఉండటానికి పనికొస్తుంది, అంతవరకూ మంచిదే.

గుండె మళ్ళీ కొట్టుకున్నాక ఒంటిని చల్లబరిస్తే మెదడు కోలుకుంటుందన్నారు 2002లో. ఐస్ ప్యాకులు, చల్లటి సెలైన్లు, దుప్పట్లలాంటి ఖరీదైన యంత్రాలు. నేనూ పెట్టించాను. 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో 33 డిగ్రీలకి చల్లార్చినా, జ్వరం రాకుండా చూసుకున్నా ఫలితం ఒక్కటే అని తేలింది.

ఇంకోటి వినండి. గాయమై లోపల రక్తం పోతున్నవాళ్ళకి తొడ నుంచి గొట్టం పంపి పెద్ద ధమనిలో బుడగ ఊది, కింద పోయే రక్తాన్ని ఆపేస్తారు. ఆలోచన గొప్పది, కొళాయి కట్టేసినట్టు. ఇంగ్లండులోనే పరీక్షించారు, 2023లో ఫలితం. బుడగ పెట్టినవాళ్ళలో మూడు నెలల్లో 54 శాతం పోయారు, పెట్టనివాళ్ళలో 42. తొంభై మంది చేరేసరికే పరీక్ష ఆపేశారు. పెట్టడానికి పట్టే టైములో ఆపరేషను థియేటరుకి వెళ్ళడం ఆలస్యమైంది. కొళాయి కట్టే లోపు ఇల్లు మునిగింది.

అందుకే కంపెనీ కుర్రాడు "ఇది లేటెస్టు మేడమ్" అంటే, "కాసేపాగు నాయనా" అంటాను.

చివరగా మన సొంత జబ్బు. పాము కాటు. నగరాల సభల్లో దీని ఊసుండదు. 2000 నుంచి 2019 దాకా లెక్కవేస్తే మన దేశంలో ఏడాదికి సగటున 58,000 మంది పోయారు. ఎక్కువ పోయే రాష్ట్రాల్లో మన తెలుగు నేల ఉంది. 2018 ఆగస్టులో దివిసీమ మీకు గుర్తుండాలి. అవనిగడ్డ ఆసుపత్రికి రోజూ కాట్లే. మోపిదేవి గుడిలో సర్పశాంతి హోమం కూడా చేశారు. హోమాన్ని నేనేమీ అనను, భయం అలాంటిది. విరుగుడు మందు ఆ ఊళ్ళోనే ఉందా లేదా అన్నదే నా ప్రశ్న.

మనకి దొరికే మందు నాలుగు పాములకి, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు. ఆ విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో మామల్లపురం దగ్గర ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. రక్తపింజర విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అక్కడి పాముతో చేసిన మందు ఇంకో మూల కరిచిన పాముకి కొంచెం తక్కువ పనిచేయొచ్చు. బెంగళూరులో ఐఐఎస్‌సీ అనే శాస్త్ర పరిశోధన సంస్థలో దీని మీదే పనిచేస్తున్నారు.

కొత్తగా ఒక మాత్ర గురించి అందరూ ఎదురుచూస్తున్నాం. వరెస్ప్లాడిబ్ అని. మొదట గుండెజబ్బుకి తయారుచేశారు, అక్కడ ఫెయిలైంది. విషంలో ఒక ముఖ్యమైన భాగాన్ని అడ్డుకుంటుందని తర్వాత గమనించారు. మన దేశంలోనూ అమెరికాలోనూ రోగుల మీద పరీక్షించారు. మొత్తం మీద చూస్తే అనుకున్నంత ఫలితం రాలేదు. కాటు పడ్డ ఐదు గంటల్లోపు వేసినవాళ్ళలో మాత్రం ఆశ కనిపించింది. అది నిలబడితే ఏమవుతుందో ఊహించండి. పొలం గట్టు మీద, ఆశా కార్యకర్త సంచిలో, మొదటి మాత్ర.

మాత్ర వచ్చేలోగా మాకు ఆధారం ఒక గాజు గొట్టం. నిజంగానండి. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తాం. గడ్డకట్టకపోతే పింజర విషం ఒంట్లో ఉన్నట్టే. గాజే కావాలి, ప్లాస్టిక్కులో ఈ పరీక్ష నమ్మడానికి లేదు. సబ్బుతో కడిగిన గొట్టమూ పనికిరాదు. కొత్త సరుకంతా ప్లాస్టిక్కే వస్తోంది కాబట్టి మా సిస్టరు పాత గాజు గొట్టాల్ని బంగారంలా దాస్తుంది.

నేనాపేస్తాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: అమ్మా, గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే తప్పించుకోవచ్చని మా గ్రూపులో వచ్చింది.) దగ్గొద్దు బాబాయ్ గారూ. 108కి ఫోన్ చేయండి. నొప్పి మొదలైనప్పుడు ఫోనులో వాళ్ళు నమలమంటే ఆస్పిరిన్ నమలండి, 1988లో పదిహేడు వేల మంది మీద చూసి తేల్చిన సంగతది. అది పడనివాళ్ళూ, పొట్టలో పుండున్నవాళ్ళూ ముందే ఆ మాట చెప్పాలి. సోడా మాత్రం వద్దు.

(ఒక యువకుడు: పాము కరిస్తే దాన్ని చంపి తేవాలా మేడమ్? మీరు గుర్తుపట్టాలి కదా?) వద్దు నాన్నా. చంపడానికి వెళ్ళి రెండోవాడు కూడా కరిపించుకుని వచ్చిన సందర్భాలు చూశాను, ఇద్దరికీ పక్కపక్క మంచాలు. దూరం నుంచి ఫోటో తీయగలిగితే తీయండి, లేకపోతే లేదు. కట్లు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా పడుకోబెట్టి తీసుకురండి. ఆ చేతికున్న ఉంగరాలు, కాలికి పట్టీలు, మెట్టెలు ముందే తీసేయండి. వాపొచ్చాక మేం కట్టర్‌తో కోయాలి, అప్పుడు ఇంటావిడ బంగారం కోసం నాతో పోట్లాడుతుంది.